ఉదయగిరి గరిటె

రెండొందల నలభై రెండు అని ఉండాది కాయితంలో.
మొదట, నిన్నటి దోసెల లెక్కనుకున్నా.
రోజూ అటూ ఇటూగా అంతే పోస్తా.
ల్యాబు పిల్ల నవ్వలేదు.
"ఈ చెడ్డది చూడండి, నూట అరవై నాలుగు" అనింది,
గోరింటాకు గోరుతో ఆ అంకె మీద తడతా.

ఇరవై రెండేళ్ళుగా
స్టోన్‌హౌస్‌పేట మూల మీద పెనం ముందర నిలబడుండా.
పిండి తిప్పడం, ఎర్రకారం పుయ్యడం,
ఆపైన నెయ్యి.
దానికి కొలత లేదు, చెయ్యే కొలత.
దోసె అంచున బుడగలు లేచి చిటపటమన్నప్పుడు
జనం మాటలాపి పెనం వైపు చూస్తారు.
ఆ ఒక్క క్షణానికి నేను రాజుని.

మాడినవి నావి. విరిగినవి నావి.
పారేస్తే పాపమని పొద్దన్నే అవే తిన్నా.
ఆ పాపం యాడికీ పోలా.
లోపల సన్నటి గొట్టాలకి
ఏటేటా సున్నం కొట్టినట్టు
పూత మీద పూతై కూచోనుంది.

అసలు సిగ్గు అది కాదు.
రక్తమియ్యడానికి పరగడుపున పోయిన పొద్దు
బెంచీ మీద నా పక్కనే కరెంటాఫీసు కోటారెడ్డి.
"నెయ్యి కారేట్టు వెయ్యబ్బా" అని
వారానికి ఆరు రోజులు అడిగే మనిషి.
"నువ్వేంది ఈడ?"
"నువ్వేంది?"
ఇద్దరం గోడ మీది గుండె బొమ్మ చూస్తా కూచున్నాం,
హెడ్మాస్టరు గది ముందర పిల్లోళ్ళ మాదిరి.
ఆయన నోటు నా గల్లాలో ఉంది.
నా నెయ్యి ఆయన ఒంట్లో ఉంది.
బాకీ ఎవురిదో తేలలేదు.

మస్తానమ్మ ఏమీ అనలా.
పుట్టింటికి పోయి వస్తా
ఉదయగిరిలో నర్ది చెక్క గరిటె ఒకటి తెచ్చింది.
పిట్ట నోరంత గుంట, పైన చెక్కిన చిలక.
"మనిషికి రోజుకి మూడు" అని నూనె సీసా పక్కన పెట్టింది.
మధ్యాన్నానికే నా వంతు అయిపొయ్యేది.
చిలక నా వైపే చూసేది.

కొర్రన్నం తిన్న మొదటి రోజు
పిచికల మేత నాకు పెట్టావేందే అన్నా.
పన్నెండో రోజు, పొన్నగంటాకు పప్పు కలుపుకొని,
ఇంకొంచెం ఉందా అన్నా.
ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూడలా.
గెలిచినోళ్ళు అట్టా చూడరు.

"చేపల పులుసు మానెయ్యమంటే మాత్రం..."
"ఎవురన్నారు మానెయ్యమని? కవళ్ళు తీసుకురా.
వేపుడు అడగొద్దు."
మామిడికాయ ముక్కలేసి రాత్రి కాచి
తెల్లారి మూత తీస్తే
పైన ఎర్రటి నూనె తెట్టు లేదు.
మా నాయన ముద్దని ఆ తెట్టులోనే ముంచి తినేవాడు.
యాభై ఆరో ఏట, చెయ్యి కడుక్కోను లేచి
తలుపు కాడ కూలబడినాడు.
ఆ పొద్దు కూడా పులుసే.
ఈ మాట మేమిద్దరం ఎప్పుడూ అనుకోం.
పులుసు మాత్రం, నిజం చెప్తుండా,
పులుపు ఇప్పుడే బాగా తెలుస్తుండాది.

రాత్రి మాత్ర, పొద్దన్నే పెన్న కట్ట మీద నడక.
నడిచి వచ్చి పెనం వెలిగిస్తా.
నిన్న కోటారెడ్డి వచ్చినాడు.
నేను గరిటె ఎత్తినా. ఆయన మాట్లాడలా.
నా చెయ్యి గాల్లో ఆగింది,
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.
"సగం" అన్నాడు, ఎవురికీ వినపడకుండా.
వెనక నిలబడిన కాలేజీ కుర్రోడు
"నాకు ఆయన సగం కూడా వెయ్యన్నా" అన్నాడు.
నవ్వాలో తిట్టాలో తెలియలా.
వాడికి మామూలుగానే వేసినా.

మూడు నెలల తర్వాత కాయితంలో నూట తొంభై ఆరు.
మస్తానమ్మ దాన్ని మడిచి కారం డబ్బా కింద పెట్టింది.
ఆ పూట పప్పులో చిలక ఇంకోసారి మునిగిందో లేదో
నేను చూడలేదు.

పొద్దన్నే పెనం మీద నెయ్యి పడతానే
కళ్ళు మూసుకొని గట్టిగా పీలుస్తా.
వాసనకి ఎన్ని పాయింట్లు పెరుగుతాయో
డాక్టర్ని అడగలా.
అడగను కూడా.